కిరాణా కొట్టుకు యాప్: చీటీ దగ్గర మొదలుపెట్టండి

ఇది ఒకటి నుంచి మూడు కొట్లున్న కిరాణా వ్యాపారికి, అతనికి యాప్ చేసిపెట్టే చిన్న బృందానికి ఉద్దేశించింది. ఊరు ఏలూరు కావచ్చు, కరీంనగర్ కావచ్చు. నెలకు మూడు నాలుగు వందల కుటుంబాలు సరుకులు తీసుకెళ్లే కొట్టు అనుకుందాం. పది నిమిషాల్లో పాలప్యాకెట్ గుమ్మంలో పెట్టే పెద్ద కంపెనీలతో ఈ కొట్టు వేగంలో పోటీపడలేదు, పడనక్కర్లేదు కూడా. ఏ ఇంట్లో ఏ బియ్యం వండుతారో, ఎవరికి మినపగుళ్లు కావాలో ఎవరికి పొట్టుపప్పు కావాలో గల్లా దగ్గర కూర్చునే మనిషికి నోటికి వచ్చు. కస్టమర్ పదేళ్లుగా అక్కడికే వస్తున్నారంటే సగం కారణం అదే.

యాప్ మోయాల్సింది ఆ జ్ఞాపకాన్ని. కానీ చాలా కిరాణా యాప్‌లు దాన్ని పక్కన పడేసి, వేల సరుకుల బొమ్మలు గుట్టగా పోసి, పైన ఆఫర్ల బ్యానర్ తిప్పుతుంటాయి. కస్టమర్ ఒకసారి తెరిచి చూస్తారు. రెండో నెల మళ్లీ ఫోన్ చేసి "అన్నా, ఎప్పటివే పంపించు" అంటారు.

ముందు 50 చీటీలు చదవండి

మొదటి రెండు వారాలు డిజైనర్ గీతలు గీయనక్కర్లేదు. కొట్టుకు వచ్చిన నెల సరుకుల చీటీలు ఒక 50 పోగుచేయండి. కాగితం మీద రాసినవి, వాట్సాప్‌లో ఫొటో తీసి పంపినవి, వాయిస్ మెసేజ్‌లు అన్నీ పనికొస్తాయి. ఇచ్చినవాళ్లను అడిగే తీసుకోండి, పేరూ నంబరూ చెరిపేయండి. తర్వాత ఒక్కో సరుకుకు ఒక్కో వరుస చొప్పున ఎక్సెల్‌లో ఎక్కించండి. సరుకును ఏ మాటతో రాశారు, ఎంత అని రాశారు, బ్రాండు చెప్పారా, చీటీలో ఎన్నోది. ఈ నాలుగు గడులు చాలు.

మామూలు చీటీ ఇలా ఉంటుంది:

బియ్యం – 1 బస్తా
క.పప్పు – 2
మి.గుళ్లు – 1
పంచదార – 2
నూనె – 5 లీ.
ఆవాలు, జీల – 100, 100
ఇంగువ – చిన్నది
సబ్బులు – 4 (ఎప్పటివే)

ఈ ఎనిమిది వరుసల్లో యాప్‌కు కావలసిన సమాచారం చాలా ఉంది. పప్పు పక్కన 2 అంటే కేజీలు, ఆవాల పక్కన 100 అంటే గ్రాములు. ఎవరూ విడిగా చెప్పరు, కొట్టువాళ్లు అడగరు. కాబట్టి యాప్ కూడా అడగకూడదు. ప్రతి సరుకుకూ "1 కేజీ" అని మొదలయ్యే ఒకటే డబ్బా పెడితే జీలకర్ర కేజీ ఆర్డరైపోతుంది, ఆ ఆర్డర్ మీద గొడవవుతుంది. సరుకుసరుకుకూ మొదటి పరిమాణం విడిగా పెట్టండి: పప్పులు 1 కేజీ, పోపు దినుసులు 100 గ్రాములు, ఇంగువ 50 గ్రాముల డబ్బా. ప్లస్ నొక్కితే ఎంత పెరగాలో కూడా సరుకును బట్టే ఉండాలి. ఆవాలు 100 నుంచి 200కు పోవాలి, పంచదార 1 నుంచి 2 కేజీలకు.

చీటీ వరుస కూడా గమనించండి. బియ్యం, పప్పులు, నూనె, పోపు, ఆ తర్వాత సబ్బులు, అగరొత్తులు. వంటింటి అలమర వరుస అది. యాప్‌లో సరుకుల విభాగాలు ఆ వరుసలోనే రావాలి, అక్షరక్రమంలో కాదు. విభాగం పేరు "సుగంధ ద్రవ్యాలు" అని పెడితే ఆవాల కోసం ఎవరూ అందులోకి వెళ్లరు. "పోపు దినుసులు" అనండి.

బస్తా సంగతి ఇంకొంచెం చూడాలి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీలు లేదా అంతకన్నా తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ అని 2022 జులై 18 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ గీత దాటడానికి మిల్లులు 26 కేజీల బస్తాలు దింపాయి. ఇప్పుడు కొట్లో రెండూ ఉంటాయి. తెరమీద ఉత్త "1 బస్తా" అని ధర వేస్తే, పక్కకొట్టు ధరతో పోల్చుకున్న కస్టమర్ మీరే ఎక్కువ వేశారనుకుంటారు. "26 కేజీల బస్తా" అని రాసి, కింద చిన్నగా కేజీ ఎంత పడుతుందో వేయండి.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

"మా కొట్టుకు యాప్ పెడితే వాడతారా?" అని అడిగితే అందరూ "ఎందుకు వాడం, పెట్టండి" అంటారు. మొహమాటం. ఆ జవాబుకు విలువ లేదు. జరిగిపోయినదాన్ని అడగండి: పోయిన నెల చీటీ ఎవరు రాశారు? ఎక్కడ కూర్చుని, ఏం చూసి రాశారు? ఏం మర్చిపోయారు? మర్చిపోయినదాన్ని ఎలా తెప్పించారు? సరుకులు వచ్చాక విప్పి చూసుకున్నారా, బిల్లుతో సరిచూశారా? ఎనిమిది పదిమందితో ఒక్కొక్కరికి అరగంట. వీలైతే వంటింటి గుమ్మం దగ్గరే మాట్లాడండి, డబ్బాలు మూతలు తీసి చూస్తూ చీటీ రాసేవాళ్లు కనబడతారు. అలా చూస్తే ఒక సంగతి తేలుతుంది: చీటీ ఒక్క విడతలో పూర్తికాదు. మూడు రోజుల పాటు ఫ్రిజ్ మీద ఉంటుంది, గుర్తొచ్చినప్పుడల్లా ఒక వరుస చేరుతుంది, ఇంట్లో ఇద్దరు ముగ్గురు రాస్తారు. కాబట్టి యాప్‌లో చీటీ ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఫోన్ ఆఫ్ అయినా, నెట్ లేకపోయినా, వారం తర్వాత వచ్చినా వేసిన సరుకు పోకూడదు. భార్య ఫోన్లో వేసింది భర్త ఫోన్లో కనబడాలి.

కాగితం మీద పరీక్ష

కోడ్ రాయకముందే ఆరు తెరలు ఏ4 కాగితాల మీద గీయండి: పోయిన నెల చీటీ, వెతుకులాట, సరుకు లేకపోతే ఏం చేయాలి, చిరునామా, డబ్బు, ఆర్డర్ ఎక్కడి దాకా వచ్చింది. కస్టమర్ వేలితో నొక్కితే మీరు కాగితం మారుస్తారు. అంతే పరీక్ష.

ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని వాడకం పరీక్షల నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో వేసిన లెక్క అందరూ చెబుతారు. ఆ ఐదుగురూ ఒకే రకం వాడకందారులైతేనే ఆ లెక్క అన్నది మాత్రం వదిలేస్తారు. మన కొట్టుకు కనీసం రెండు రకాలు: ఇంట్లో చీటీ రాసేవాళ్లు, హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు సరుకులు పెట్టే పిల్లలు. ఒక్కో రకం నుంచి ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టండి. పని ఇలా చెప్పండి: "పోయిన నెల సరుకులే పెట్టండి, కానీ ఈసారి పంచదార ఒక కేజీ తగ్గించి, నువ్వులు పావుకేజీ కలపండి." తర్వాత నోరు మూసుకోవాలి. "అదిగో అక్కడ నొక్కండి" అని చెప్పిన క్షణానే పరీక్ష పాడైపోతుంది. యజమానిని ఆ గదిలో ఉంచకండి, ఆయన ఆగలేరు.

మొదటి తెర: పోయిన నెల చీటీ

యాప్ తెరవగానే కనబడాల్సింది బ్యానర్ కాదు, పోయిన నెల చీటీ. సరుకు పేరు, పరిమాణం, ఈ రోజు ధర, పక్కన ప్లస్, మైనస్. పైన ఒక్క బటన్: "ఇవే పంపించండి". ధర మారిన సరుకు దగ్గర మారిందని కనబడాలి. "కందిపప్పు కేజీకి 8 రూపాయలు పెరిగింది" అని ముందే చెబితే గొణుక్కుని ఊరుకుంటారు, బిల్లులో చూస్తే మోసపోయామనుకుంటారు.

మొదటిసారి వచ్చిన కస్టమర్‌కు పోయిన నెల చీటీ ఉండదు కదా. అక్కడ రెండు దార్లు పెట్టండి. కొట్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫోన్ నంబరు మీద పాత బిల్లులుంటే అవే చీటీగా తెచ్చిపెట్టండి. లేకపోతే "చీటీ ఫొటో పంపండి" అన్న బటన్. ఆ ఫొటో చూసి గుమాస్తా సరుకులు ఎక్కిస్తాడు, ఇరవై సరుకులకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఎక్కించాక కస్టమర్ చూసి సరే అనాలి. చేతిరాతను యంత్రం చదివే ఏర్పాటు తర్వాత చూసుకోవచ్చు. మొదటి చీటీ మనిషి ఎక్కించడమే నయం, "ఇం – చి" అంటే ఇంగువ చిన్నది అని అతనికి తెలుసు.

వెతుకులాటలో ఊరి మాట

వెతికితే దొరకని సరుకు కొట్లో లేనట్టే లెక్క. తెలుగులో ఈ సమస్య గట్టిది. వేరుశనగ గుళ్లు అని కోస్తాలో అంటే, తెలంగాణలో పల్లీలు, రాయలసీమలో శెనక్కాయ విత్తనాలు, బుడ్డలు. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ ఒకటే. వెల్లుల్లి, ఎల్లిగడ్డ, తెల్లగడ్డ ఒకటే. బంగాళదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ ఒకటే. పుట్నాలను వేయించిన శనగపప్పు అనేవాళ్లూ ఉన్నారు.

దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, ఒక పట్టిక చాలు. ప్రతి సరుకుకూ ఒక గడి, అందులో ఆ సరుకుకున్న పేర్లన్నీ. చీటీల ఎక్సెల్‌లో మొదటి గడి ఇందుకే పెట్టించింది. దానికి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతి కలుస్తుంది. మన వాళ్లలో ఎక్కువమంది ఫోన్లో అలాగే టైపు చేస్తారు. త, ద లాంటి అక్షరాలకు ఒక హెచ్ ఒకరు వేస్తారు, ఒకరు వేయరు. బియ్యంలో వై ఒకరు ఒకటి కొడితే ఇంకొకరు రెండు కొడతారు. హెచ్‌లు తీసేసి, జంట అక్షరాలను ఒకటి చేసి పోల్చితే ఈ తేడాల్లో చాలావరకు సర్దుకుంటాయి. దీర్ఘాలకు కూడా అంతే, రెండు ఏలను ఒకటిగా లెక్కపెట్టండి.

యాప్ నడవడం మొదలయ్యాక ప్రతి సోమవారం ఒక పని పెట్టుకోండి. వెతికినా ఏమీ రాని మాటల జాబితా తీయండి. పది నిమిషాల పని. అందులో సగం పేర్ల పట్టికలో కలపాల్సినవి, మిగతా సగం మీరు తెప్పించాల్సిన సరుకులు.

తెలుగు తెరమీద పడ్డప్పుడు

ఇంగ్లిష్‌కు గీసిన డిజైన్‌లో తెలుగు పోస్తే మొదట తెగేది ఒత్తు. బటన్ ఎత్తు చాలక "బెల్లం" కాస్తా "బెలం" అవుతుంది, "అల్లం" అలం అవుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుస ఎత్తు అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వండి, అక్షరం 16 అయితే వరుస 24 నుంచి 26. పరీక్షకు "వెల్లుల్లి", "లక్ష్మీ", "స్త్రీ", "రాష్ట్రం" అన్న నాలుగు మాటలు ప్రతి బటన్‌లో, ప్రతి డబ్బాలో వేసి చూడండి. ఫాంట్ కూడా ఫోన్‌కు వదిలేయకండి. కంపెనీకొక ఫాంట్ ఉంటుంది, ఒకదాంట్లో పట్టింది ఇంకోదాంట్లో పట్టదు. నోటో శాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్‌ను యాప్‌లోనే పెట్టండి. బోల్డ్ తక్కువ వాడండి, చిన్న సైజులో బోల్డ్ తెలుగు అక్షరాల గుండ్రాలు పూడిపోతాయి.

పెద్దవాళ్లు ఫోన్ సెట్టింగ్‌లోనే అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఆ సైజులో ధర తెగకుండా, బటన్ తెర బయటికి పోకుండా ఉందో లేదో చూడాలి. నొక్కే చోటు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉండాలి. ప్లస్, మైనస్ పక్కపక్కనే ఇరికిస్తే పిండి చేతుల్తో నొక్కేవాళ్లకు మైనస్ పడుతుంది. అక్షరానికీ వెనక రంగుకూ వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెల్లదాని మీద లేత బూడిదరంగు ధరలు గుమ్మం బయట ఎండలో అసలు కనబడవు.

మాటల విషయానికి వస్తే, "కార్ట్‌కు జోడించు" అన్నది ఎవరి తెలుగూ కాదు. "చీటీలో వేయండి" అంటే చాలు. "నొక్కు", "ఎంచుకో" అని కస్టమర్‌ను ఏకవచనంలో పిలిచే యాప్‌లు ఇంకా ఉన్నాయి. కొట్లో ఏ గుమాస్తా అయినా కస్టమర్‌తో అలా మాట్లాడతాడా? అన్నింటికన్నా ప్రమాదం ఈ ప్రశ్న: "ఆర్డర్ రద్దు చేయాలా?" కింద రెండు బటన్లు, "రద్దు", "సరే". ఏది నొక్కితే ఆర్డర్ పోతుంది? చేసినవాళ్లకు తప్ప తెలియదు. "ఆర్డర్ వద్దు", "ఆర్డర్ ఉంచండి" అని రాయండి.

లాగిన్, ఓటీపీ

యాప్ తెరవగానే ఫోన్ నంబరు అడగకండి. సరుకులు చూడనివ్వండి, చీటీ వేయనివ్వండి, ఆర్డర్ పెట్టేటప్పుడు అడగండి. అప్పుడు ఎందుకు అడుగుతున్నారో చెప్పకుండానే అర్థమవుతుంది.

ఓటీపీ మెసేజ్ విషయంలో మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, మెసేజ్ నమూనా ముందుగా వ్యాపార మెసేజ్‌ల నమోదుకు టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి. నమోదైన దానికీ పంపేదానికీ తేడా ఉంటే మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. రెండు, తెలుగులో మెసేజ్ పంపితే ఒక భాగానికి 70 అక్షరాలే, ఇంగ్లిష్‌కు 160. పైగా లెక్క మనం చూసే అక్షరాలది కాదు. "నమస్కారం" కంటికి నాలుగక్షరాలే కానీ పొల్లు, దీర్ఘం, సున్నా విడివిడిగా లెక్కకొచ్చి 8 అవుతుంది. రెండు భాగాలైతే రెండు మెసేజ్‌ల డబ్బు. మూడు, ఆండ్రాయిడ్‌లో ఓటీపీ దానంతటదే పడాలంటే మెసేజ్ చివర 11 అక్షరాల కోడ్ ఉండాలి. ఆ కోడ్ యాప్‌కు వేసే డిజిటల్ సంతకాన్ని బట్టి వస్తుంది. డెవలపర్ కంప్యూటర్‌లో ఒకటి, ప్లే స్టోర్ సంతకం చేశాక ఇంకొకటి. ఆఫీసులో చక్కగా పనిచేసి, విడుదలయ్యాక ఎవరికీ పడలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

నంబరు, చిరునామా తీసుకునేటప్పుడు అనుమతి అడిగే మాట తెలుగులోనూ ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే వివరం ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో తాను కోరిన దాంట్లో గానీ చదువుకునే వీలు కస్టమర్‌కు ఉండాలి. కాంటాక్టులు, ఫొటోల అనుమతి కిరాణా యాప్‌కు ఎందుకు? అడగకండి.

ఆ బ్రాండు లేకపోతే

కొట్టు మీద నమ్మకం కుదిరేదీ చెడేదీ ఇక్కడే. అడిగింది ఒక రకం ఇంగువ, వచ్చింది ఇంకోటి, అదీ 30 రూపాయలు ఎక్కువ. ఆ ఇల్లు మళ్లీ యాప్ తెరవదు. చీటీలో ప్రతి సరుకు దగ్గరా ఒక ఎంపిక పెట్టండి, మూడే దార్లు: "అదే లేకపోతే వద్దు", "అలాంటిదే ఇంకో కంపెనీది ఇవ్వండి", "ఫోన్ చేసి అడగండి". ఒకసారి ఎంచుకుంటే ఆ సరుకుకు ఎప్పటికీ గుర్తుండాలి. సబ్బులో "అదే కావాలి" అన్నవాళ్లే ఉప్పులో "ఏదైనా సరే" అంటారు, కాబట్టి మొత్తం ఆర్డర్‌కు ఒకటే ఎంపిక పెడితే కుదరదు. మార్చి ఇచ్చింది ధర ఎక్కువైతే కొట్టే భరించాలి, తక్కువైతే ఆ తక్కువే వేయాలి. ఈ నియమం తెరమీద ఒక వాక్యంలో రాసి ఉంచండి.

ఇది పనిచేయాలంటే సరుకు కట్టే కుర్రాడి చేతిలో కూడా ఒక తెర ఉండాలి. అందరూ మర్చిపోయే వాడకందారు అతనే. అతని తెరలో సరుకులు చీటీ వరుసలో కాదు, కొట్లో అరల వరుసలో రావాలి. కట్టినదాన్ని ఒక్క నొక్కుతో తీసేయాలి, లేనిదాని పక్కన కస్టమర్ ఎంపిక పెద్ద అక్షరాల్లో కనబడాలి. విడి సరుకు తూకం 1 కేజీకి 985 గ్రాములు వచ్చినా, 1,020 వచ్చినా అతను అంకె కొడితే బిల్లు దానికి తగ్గట్టు మారాలి.

చిరునామా

మన ఊళ్లలో ఇంటి నంబరు చూసి ఇల్లు పట్టుకున్నవాళ్లు తక్కువ. "రామాలయం వెనక, నీలం గేటు" అన్నది అసలు చిరునామా. ఆ గుర్తుకు ఒక గడి విడిగా పెట్టండి, మ్యాప్‌లో చోటు పెట్టడం అదనం. ఆర్డర్ పెట్టినవాళ్ల నంబరూ, సరుకు అందుకునేవాళ్ల నంబరూ వేర్వేరుగా ఉంచండి. పరాయిదేశంలో ఉన్న కొడుకు నంబరుకు డెలివరీ కుర్రాడు ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి.

డబ్బు

యూపీఐ, సరుకు వచ్చాక నగదు, ఖాతా. మూడూ కావాలి. యూపీఐలో ఒక్క తెర మాత్రం శ్రద్ధగా చేయండి: డబ్బు కట్టారు, బ్యాంకులో కట్ అయింది, మన దగ్గరికి కబురు రాలేదు. అప్పుడు "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని వేస్తే రెండుసార్లు కడతారు. సంగతి తేలేదాకా ఇలా రాయండి: "మీ బ్యాంకు జవాబు కోసం చూస్తున్నాం. మళ్లీ కట్టకండి. మీ చీటీ భద్రంగా ఉంది." కొన్ని నిమిషాలకొకసారి సర్వర్ దానంతటదే అడగాలి. వ్యాపారికి చేరని డబ్బు లావాదేవీ జరిగిన 5 రోజుల్లోగా కస్టమర్ బ్యాంకు ఖాతాలో తిరిగి పడాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారమని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో చెప్పింది. ఈ ముక్క సహాయం తెరలో పెడితే కొట్టుకు వచ్చే ఫోన్లు తగ్గుతాయి.

ఖాతా బాకీ మొదటి తెరమీద ఎర్రరంగులో చూపించకండి. ఫోన్ పిల్లల చేతిలో, చుట్టాల చేతిలో ఉంటుంది. కొట్లో కూడా ఖాతా పుస్తకం అందరి ముందూ విప్పరు కదా. ఒక నొక్కు లోపల పెట్టండి, ఏ తేదీన ఎంత తీసుకున్నారో, ఎంత కట్టారో వరుసగా కనబడాలి. తప్పుంటే "ఇది నేను తీసుకోలేదు" అని ఆ వరుస మీదే చెప్పే వీలుండాలి.

మళ్లీ వచ్చేలా చేసేది

పాయింట్ల పథకం చివరన పెట్టుకోండి. కిరాణాలో మార్జిన్ పలుచన. 4,000 రూపాయల బిల్లు మీద 1 శాతం తిరిగిస్తే 40 రూపాయలు. ఆ 40 కోసం ఎవరూ కొట్టు మారరు, కానీ మాట తప్పితే మాత్రం కోపం వస్తుంది. పెట్టాలనుకుంటే ఒక పాయింటు ఒక రూపాయి, అంతే. 250 పాయింట్లయితే 25 రూపాయలు లాంటి లెక్కలు కస్టమర్‌ను చిన్నబుచ్చుతాయి. గడువు కనీసం 12 నెలలు ఇవ్వండి, తర్వాతి బిల్లులో అడగకుండానే తగ్గించండి.

దానికన్నా గట్టిగా పట్టి ఉంచేవి రెండు. మొదటిది గుర్తుచేయడం. ఎక్కువమంది 1వ తేదీ నుంచి 7 లోపు నెల సరుకులు తీసుకుంటారు. ఒక ఇల్లు ఎప్పుడూ 4నే తీసుకుంటుంటే 2న సాయంత్రం ఒక్క నోటిఫికేషన్: "మీ నెల చీటీ సిద్ధంగా ఉంది, ఒకసారి చూడండి." నెలకు రెండు దాటకండి. పండగకు ఒకటి వేసుకోవచ్చు: సంక్రాంతి ముందు బెల్లం, నువ్వులు, అరిసెల బియ్యం, అదీ పోయినేడు తీసుకున్నవాళ్లకే. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు విడిగా అనుమతి అడగాలి. యాప్ తెరవగానే అడిగితే వద్దంటారు, రెండుసార్లు వద్దంటే ఇక ఆ ప్రశ్న రాదు. మొదటి ఆర్డర్ పెట్టాక, "సరుకులు బయల్దేరితే చెప్పమంటారా?" అని అడగండి.

రెండోది తప్పు దిద్దడం. బిల్లులో ప్రతి సరుకు పక్కనా "బాగాలేదు" అన్న చిన్న బటన్. నొక్కితే ఫొటో, నాలుగు కారణాలు: రాలేదు, పాడైంది, వేరేది వచ్చింది, తూకం తక్కువ. 200 రూపాయల లోపు అయితే ప్రశ్నలు లేకుండా డబ్బు వెనక్కి, లేదా మర్నాడే సరుకు. ఈ అధికారం గుమాస్తాకే ఇవ్వండి, "ఓనర్‌ను అడిగి చెప్తా" అనాల్సి వస్తే ఈ ఏర్పాటు ఉన్నా లేనట్టే. ఒకే ఇంటి నుంచి నెలలో మూడుసార్లు వస్తే అప్పుడు యజమాని చూస్తాడు.

ఇక చేయకూడనివి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపు డిజైన్లను పేరుపెట్టి నిషేధించింది. కిరాణా యాప్‌లో తెలిసో తెలియకో దూరేవి మూడు. అడగని సంచినీ విరాళాన్నీ ముందే టిక్కు పెట్టి బిల్లులో కలపడం, డెలివరీ ఖర్చు చివరి తెరదాకా దాచడం, లేని తొందర పెట్టడం. మూడు బస్తాలే మిగిలాయని తెరమీద వేసి, సాయంత్రం ఆ కస్టమర్ కొట్టుకు వస్తే గోడౌన్ నిండా బస్తాలే కనబడ్డాయనుకోండి, ఇక ఆ యాప్‌లోని ఏ అంకెనూ ఆవిడ నమ్మదు.

విడుదల, లెక్క

మొదటి నెల 30 ఇళ్లకే ఇవ్వండి. 3 లేదా 4 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఫోన్ ఒకటి కొని, దాంట్లోనే ప్రతి మార్పూ చూడండి. యాప్ 20 ఎంబీ దాటనివ్వకండి, సరుకు బొమ్మలు వెబ్‌పీ అనే తక్కువ సైజు బొమ్మల ఫార్మాట్‌లో 30 కేబీ లోపు ఉంచండి. చీటీ తెర నెట్ లేకుండా కూడా తెరుచుకోవాలి.

డౌన్‌లోడ్‌ల సంఖ్య చూసి మురిసిపోకండి. చూడాల్సింది ఒకటే: ఈ నెల మొదటి ఆర్డర్ పెట్టిన ఇళ్లలో ఎన్ని 40 రోజుల్లో రెండోది పెట్టాయి? నెల సరుకుకు 30 రోజులు మరీ బిగువు, జీతం ఆలస్యమైనా ఊరెళ్లినా తప్పిపోతుంది. నెలనెలా వచ్చినవాళ్లను ఒక్కో వరుసగా రాయండి. ఉదాహరణకు జూన్‌లో మొదలుపెట్టిన 30లో 18 ఇళ్లు తిరిగొచ్చి, జులైలో మొదలుపెట్టిన 40లో 16 మాత్రమే వచ్చాయనుకోండి. మొత్తం ఆర్డర్లు పెరిగినట్టే కనబడుతుంది, కానీ జులైలో ఏదో చెడింది. రాని 24 ఇళ్లలో పదింటికి ఫోన్ చేయండి. "ఎందుకు వాడటం లేదు" అనకండి, "ఈ నెల సరుకులు ఎలా తెప్పించుకున్నారండీ" అని అడగండి.

కొందరు కాగితం చీటీ మానరు. వాళ్లను యాప్‌లోకి తోయకండి. ఆ చీటీని గుమాస్తా అదే వ్యవస్థలో వాళ్ల నంబరు మీద ఎక్కిస్తాడు, సరుకులు బయల్దేరినప్పుడు మామూలు మెసేజ్ వెళ్తుంది, కాగితం బిల్లు సంచిలో పడుతుంది. వాళ్ల పేరుమీద కూడా చీటీ నెలనెలా పేరుకుంటూ ఉంటుంది. ఎప్పుడైనా వాళ్ల అమ్మాయి సెలవులకొచ్చి అమ్మ ఫోన్లో యాప్ వేస్తే, మొదటి తెరమీద పోయిన నెల సరుకులన్నీ అప్పటికే ఉంటాయి.